బియ్యం డ్రమ్ము వెనక దాచిన రిపోర్టు

మల్బరీ ఆకు మూట భుజానికి ఎత్తుకుంటుంటే చంక కింద గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని పట్టించుకునే తీరిక పట్టుపురుగులు పెంచే ఇంట్లో ఎవరికుంటుంది?

మాది పెద్దపంజాణి దగ్గర పల్లె. పురుగుల షెడ్డులో జబ్బు అనే మాట పైకి అనకూడదని మా అత్త కట్టడి. పాలిపోయిన పురుగు కనబడితే నోరెత్తకుండా ఏరి సున్నంలో వేయాలి. నా గడ్డనూ అలాగే నోరెత్తకుండా నాలుగు నెలలు మోశాను. నా అంత తెలివితక్కువది ఉండదు.

చివరికి చూపించుకుంటే పుంగనూరు డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి కసిరింది. "ఇన్నాళ్లు యాల దాచినావమ్మా?" మదనపల్లెలో మామోగ్రామ్, బయాప్సీ చేయించారు. కుప్పంలో పెద్దాసుపత్రికి పోతే డాక్టరు, "రొమ్ము క్యాన్సర్, స్టేజ్ టూ. ఆపరేషన్, తర్వాత కీమో" అన్నాడు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

నేను మాత్రం కళ్లు తడవనివ్వలేదు. పదేళ్ల నా కూతురు హారిక నన్ను చూసి ధైర్యం నేర్చుకోవాలని నా పట్టుదల. రిపోర్టులు బియ్యం డ్రమ్ము వెనక దాచాను. ఆపరేషన్‌కు పోతూ దానితో "కడుపులో గడ్డ, తీసేస్తారు" అన్నాను. జుట్టు రాలితే గుండు చేయించుకుని, తిరుమల మొక్కు అన్నాను. దేవుడి మీద కూడా అబద్ధమే! బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

మూడో కీమోకు పోతే రక్తంలో కణాల కౌంట్ పడిపోయిందని వెనక్కి పంపేశారు. ఇంటికొచ్చి ఫైలు పెడదామని డ్రమ్ము వెనక చెయ్యి పెడితే మడిచిన కాగితాలు తగిలాయి. హారిక లెక్కల పరీక్ష పేపర్లు. మూడింట్లోనూ ఫెయిలు.

"ఈడ పెట్టినావేం పాపా?"

"నువ్వు దాచేది ఈడే కదమ్మా."

"నా కాగితాలు సూసినావా?"

"క్యాన్సర్ అని ఉండాది. నువ్వు సెప్పలా, నేనూ అడగలా. నువ్వు ఏడవలేదని నేనూ ఏడవలేదు."

ఇన్ని నెలలు ఆ పసిది ఒక్కతే మోసింది, నన్ను చూసి. అక్కడే నేల మీద కూలబడి దాని ముందే ఏడ్చాను. "అవును, క్యాన్సరే. నాకు భయంగా ఉండాది." అదీ నా ఒళ్లో పడి వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి నేనే అన్నాను. "ఇంక లెయ్. పురుగులు మన ఏడుపుకు ఆగవు. ఆకేసి వచ్చి లెక్కలు సూద్దాం."

కీమోలన్నీ అయ్యాయి. రెండేళ్లు బాగున్నాను. తర్వాత పెట్ స్కాన్‌లో ఊపిరితిత్తిలో మచ్చ కనబడింది. "పూర్తిగా పోదమ్మా. కంట్రోల్‌లో పెట్టుకుందాం" అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే హారికకు చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

"మళ్లీ గుండు సేయించుకుంటావా?"

"గుండే."

"ఈసారి మొక్కు అని సెప్పొద్దమ్మా" అంది ముక్కు తుడుచుకుంటూ. నాకు నవ్వొచ్చింది.

ఇప్పుడు మళ్లీ కీమో నడుస్తోంది. మొన్న హారికను ఖోఖో జట్టులోకి తీసుకోలేదు. బడి నుంచి నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి, "అమ్మా, ఓడిపోయినాను" అని భోరుమంది. ఏడవొద్దని నేననలేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, తనంతట తనే ఆకు బుట్ట ఎత్తుకుని షెడ్డుకు పోయింది. దాని పెళ్లి దాకా ఉంటానో లేదో నాకు తెలియదు. అది ఏడ్చి తనే లేవడం చూసేదాకా ఉన్నాను.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం వస్తే, వచ్చిన రోజే పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. దాచే చోటు వాళ్లకు ముందే తెలుసు. మా ఫైలు ఇప్పుడు టీవీ పక్కన ఉంటుంది, దాని మీదే హారిక లెక్కల నోటుపుస్తకం.