మూడు తొట్లు, ఒక క్యాను

మా ఇంట్లో నీళ్ళు పారబోసినవాళ్ళకు తిట్లు తప్పవు. మాది మడకశిర వైపు ఒక ఊరు. ఊళ్ళో సగం తెలుగు, సగం కన్నడం. వాన మాత్రం ఏ భాషలో పిలిచినా పలకదు. వంట బోకులు తోమడానికి మా అమ్మ పెరట్లో మూడు తొట్లు పెట్టేది. మసీ అంటూ పోవడానికి మొదటిది, మరోసారి కడగడానికి రెండోది, చివర్న ముంచి తీయడానికి మూడోది. మరుసటి పూట మొదటి తొట్టి నీళ్ళు ఎద్దుల కుడితిలోకి పోతాయి. రెండో తొట్టివి మొదటిదానిలోకి, మూడో తొట్టివి రెండోదానిలోకి జరుగుతాయి. కొత్త నీళ్ళు పడేది మూడో తొట్టిలో మాత్రమే. చిన్నప్పుడు ఒకసారి బద్ధకించి వెనక రెండు తొట్ల నీళ్ళూ ఒకదాంట్లో పోసేసినందుకు నా వీపు విమానం మోత మోగింది. ఆ దెబ్బ ఎందుకు తిన్నానో పీహెచ్‌డీ మూడో ఏడు దాకా నాకు అర్థం కాలేదు.

అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, అక్కడే పరిశోధనకు చేరాను. నా విషయం వేర్పాటు రసాయనం. అణు విద్యుత్ కేంద్రంలో వాడేసిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగిస్తే, పనికొచ్చే యురేనియమూ, పనికిరానివీ, ప్రమాదమైనవీ అన్నీ కలగాపులగంగా ఉంటాయి. వాటిని విడివిడిగా లాగాలి. మా ల్యాబులో అంత భయంకరమైన సరుకు ఉండదు. తాళం వేసిన బీరువాలో, అనుమతి కాగితాలతో సహా, కొంచెం మామూలు యురేనియం లవణం ఉంటుంది. దాన్ని వేరే లోహాలతో కలిపి కరిగించి, ఆ ద్రావణంలో గసగసాలంత పూసలు వేస్తాం. ఆ పూసలు యురేనియాన్ని మాత్రమే పట్టుకుని మిగతావాటిని వదిలేయాలి. అలాంటి పూసలు తయారుచేయడం నా పని.

ఊరికి పోతే బస్సులోనే మొదలుపెట్టేవాళ్ళు, బాంబుల చదువంట గదా, రేపు పిల్లలు పుడతారా అని. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఓపికనేది నాకు అట్టే ఉండదు. తర్వాత్తర్వాత, పుడతారు, కరెంటు పోయినప్పుడు వెలుగుతారు కూడా అని చెప్పేదాన్ని. ఆ మాట అమ్మ చెవిన పడి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ల్యాబులో రోజూ నాతో ఉండేది ఇద్దరు. ఒకరు నా గైడు మేడమ్. కోస్తాలో కాలవ గట్టున పెరిగిన మనిషి. గాజుసామాను కడిగేటప్పుడు నీళ్ళకు వెనకాడొద్దని ఆమె చెప్పినప్పుడల్లా నాకు లోపల ఏదో గుచ్చుకునేది. రెండోవాడు మా అటెండరు. విడపనకల్లు వైపు నుంచి వచ్చినవాడు. మా నాయన వయసువాడైనా అందరూ అన్నా అనే పిలుస్తారు. ఆయన పని స్టిల్లు నడపడం, అంటే నీళ్ళు కాచి, ఆవిరిని చల్లబరిచి, స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటర్ పట్టడం. ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ కావాలంటే, ఆవిరి చల్లారడానికి బోలెడన్ని బోరు నీళ్ళు గొట్టంలో పారుతూనే ఉండాలి. ఆ పారే నీళ్ళను ఆయన ఒక్క చుక్క వదలకుండా డ్రమ్ముల్లో పట్టి, మొక్కలకూ బాత్రూములకూ మోసేవాడు. ఎవరూ ఆయనకు ఆ పని చెప్పలేదు.

నాకూ ఎవరూ చెప్పలేదు, అయినా నేనూ మొదలుపెట్టాను. ప్రతి ప్రయోగం తర్వాత గాజుసామాను డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. మొదటి కడుగు నీళ్ళు వ్యర్థాల పసుపు డ్రమ్ములో పోయాలి, అది రూలు. రెండో కడుగు, మూడో కడుగు నీళ్ళు కంటికి అద్దంలా ఉంటాయి. అంత కష్టపడి పట్టిన నీళ్ళు పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. బల్ల కింద ఒక పాత క్యాను పెట్టి అందులో పోశాను. మరుసటి రోజు మొదటి రెండు కడుగులూ క్యాను నీళ్ళతో, మూడోది మాత్రమే కొత్త నీళ్ళతో. రెండోదీ మూడోదీ మళ్ళీ క్యానులోకే. నోటుబుక్కులో మాత్రం 'డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగాను' అని రాశాను. అది అబద్ధమని నాకు తోచనే లేదు.

నమూనాల్లో ఎంత యురేనియం ఉందో కొలిచే యంత్రం మా దగ్గర లేదు. నెలకోసారి సీసాలన్నీ వేరే ఊరికి పంపేవాళ్ళం. వాటితోపాటు ఒక బ్లాంకు సీసా పోతుంది. అదీ మిగతావాటిలాగే నేను కడిగిన సీసా, అందులో వట్టి డిస్టిల్డ్ వాటరే. దాని లెక్క సున్నా రావాలి. మొదటి నెల సున్నాయే వచ్చింది. రెండో నెల కొంచెం చూపించింది. మూడో నెల ఇంకొంచెం. నాలుగో నెల ఎంత వచ్చిందంటే, నా పూసలు పట్టినదేదో, సీసాకు ముందే అంటుకున్నదేదో తేల్చుకోలేనంత.

మేడమ్ అడిగింది, మూడుసార్లు కడుగుతున్నావా అని. కడుగుతున్నానన్నాను. మళ్ళీ అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మా నేలంతా నల్లరాయి, ఆ రాతిలోంచి వచ్చే బోరు నీళ్ళలో లేశమాత్రం యురేనియం ఉంటుందని నాకు తెలుసు. ఆ నెలల్లో మా బ్లాకుకు నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. స్టిల్లు ఆగిన రోజుల్లో కూడా అటెండరన్న పెట్టే డిస్టిల్డ్ వాటర్ సీసాలు మాత్రం నిండుగా ఉండేవి. అంతే, నోరు జారాను.

"సీసాల్లో బోరు నీళ్ళు కలుపుతున్నాడేమో మేడమ్."

ఆమె ఆయన్ని పిలిచి అడిగింది. ఆయన లేదన్నాడు. నీళ్ళొచ్చే రోజు తెల్లారకముందే వచ్చి రెండు రోజులకు సరిపడా పట్టి పెడుతున్నానన్నాడు. చూసినవాళ్ళెవరని నేనే అడ్డు ప్రశ్న వేశాను. ఆయన నా వైపు ఒకసారి చూసి స్టిల్లు దగ్గరికి వెళ్ళిపోయాడు. మేడమ్ ఆఫీసుకు కంప్లయింటు రాసింది. ఆయన్ని ల్యాబు నుంచి తీసి తోటపనికి వేశారు. నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. కంప్లయింటు ఉన్నవాడి పేరు ఆ జాబితాలో ఎక్కదని ఆఫీసులో అందరూ అనుకుంటున్నారు. ఇరవై ఏళ్ళ పని. నాకు ఆ రోజు జాలి వేయలేదు. తప్పు చేసినవాడు దొరికాడు, పీడ వదిలిందనుకున్నాను.

పైగా నా కోపం ఒక పట్టాన చల్లారదు కదా. రుజువుతో సహా నిలబెట్టాలనుకున్నాను. ఆయన పట్టి పెట్టిన డిస్టిల్డ్ వాటర్ రెండు సీసాలు ఇంకా అలమరాలో ఉన్నాయి. సీలు కూడా విప్పని కొత్త ప్లాస్టిక్ సీసా తెచ్చి, ఆ నీళ్ళు నేరుగా దానిలో పోశాను. ఇంకొక కొత్త సీసాలో కొళాయి తిప్పి బోరు నీళ్ళు పట్టాను. వాటి పక్కన ఎప్పటిలా నా బ్లాంకు పెట్టి, నెల తిరిగేదాకా ఆగకుండా ఆ వారమే పంపాను.

లెక్కలు వచ్చాయి. ఆయన పట్టిన నీళ్ళు సున్నా. బోరు నీళ్ళలో ఉండీ లేనట్టు ఏదో కాస్త. నా బ్లాంకులో బోరు నీళ్ళ కంటే ఎన్నో రెట్లు.

కాగితం పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను. ఆయన బోరు నీళ్ళు కలపడం కాదు, బోరు నీళ్ళనే నింపి పెట్టినా అంత రాదు. మరి అదెక్కడి నుంచి వచ్చినట్టు? కాలు చాపితే బల్ల కింద క్యాను తగిలింది. నాలుగు నెలల కడుగు నీళ్ళు అందులో ఒకదాని మీద ఒకటి చేరుతున్నాయి. అద్దంలా కనిపిస్తూనే రోజురోజుకూ చిక్కబడుతున్నాయి. వాటితో సీసాలు రెండుసార్లు కడిగి, ఒక్కసారి కొత్త నీళ్ళు చూపించి, శుభ్రమైపోయాయని నేను సంబరపడుతున్నాను. వేరు చేయడం చదువుకోవడానికి వచ్చి, చేసిందంతా కలపడమే.

క్యాను సంగతి మేడమ్‌కు తెలియదు. రాత్రికి రాత్రి అది మాయమైతే, సీసాలు సరిగా కడగలేదేమో అని రెండు చీవాట్లతో పోతుంది. చెబితే నాలుగు నెలల పని చెత్తబుట్టలోకి, అదీ రివ్యూ కమిటీ వచ్చే ముందు. స్కాలర్‌షిప్ పొడిగించాలో వద్దో తేల్చేది ఆ కమిటీయే. ఇదంతా నేను ఆలోచించలేదని చెప్పను. గంట సేపు ఆలోచించాను. కిటికీలోంచి చూస్తే ఆయన ఎండలో కానుగ చెట్లకు పాదులు తీస్తున్నాడు. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. క్యాను చేత పట్టుకునే మేడమ్ గదిలోకి పోయాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఎందుకు దాచావు ఆ నీళ్ళని అంది. పారబోయలేక అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మా ఇంటి తొట్ల సంగతి చెప్పాను. ఆమె లేచి, బోర్డు మీద మూడు గళ్ళు గీసి, మా అమ్మ నీళ్ళు ఏ గడిలోంచి ఏ గడిలోకి పోస్తుందో బాణం గుర్తులు వేయమంది. వేశాను. సామాను ఇటు నుంచి అటు పోతుంది, నీళ్ళు అటు నుంచి ఇటు వస్తాయి. పెద్ద కర్మాగారాల్లో లోహాన్ని కడిగే పద్ధతి, మా పాఠాల్లో మొదటి ఏడే చెప్పిన పద్ధతి, అచ్చంగా అదే. నాలుగేళ్ళు పుస్తకాల్లో చదివి కూడా దాన్ని మా పెరట్లో గుర్తుపట్టలేదు.

"మీ అమ్మగారు మూడు తొట్లు పెట్టారు. నువ్వు ఒక క్యానే పెట్టావు," అంది మేడమ్.

తల కొట్టేసినట్టయింది. ఆమె నా ఎదుటే కంప్లయింటు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసింది. నన్ను నోటుబుక్కు తెమ్మని, నాలుగు నెలల పేజీల్లో ఒక్కొక్కదాని మీద అడ్డంగా ఒక్కో గీత గీసి, కారణం రాసి, సంతకం పెట్టమంది. చెయ్యి నొప్పి పుట్టింది. కమిటీ నాకు ఆరు నెలలే పొడిగించింది, ఆ లోపల ప్రయోగాలన్నీ మళ్ళీ చేసి చూపించమంది. సరేనన్నాను.

అంతకుముందే, ఉత్తరం పోయిన మూడో రోజున, ఆయన ల్యాబుకు తిరిగొచ్చాడు. ఏమీ జరగనట్టు స్టిల్లు గొట్టం విప్పి, లోపల పేరుకున్న తెల్లటి సున్నం గీకుతున్నాడు. దగ్గరికి పోయి నిలబడ్డాను. మొహం చెల్లలేదు.

"అన్నా, నీ మీద చెప్పింది నేనే."

"తెలుసులేమ్మా. ఆ పొద్దు నేను ఈడనే ఉండా గదా."

"బల్ల కింద క్యాను నువ్వు చూసినావు గదా. రోజూ కసువు ఊడ్చేది నువ్వే. అదే మాట మేడమ్‌తో చెప్పింటే నీకీ తిప్పలు ఉండవు గదన్నా?"

ఆయన గీకడం ఆపాడు.

"చూసినా. మా ఇంట్లో ఆడోళ్ళు దాచినట్ల నీళ్ళు దాస్తాండావే అనుకుంటి. నీళ్ళు దాచుకునే బిడ్డను తప్పు చేస్తాండాదని నా నోటితో ఎట్ల చెప్పేదమ్మా?"

ఏడుపొచ్చింది, దాన్నీ దాచలేదు. ఆయన చూడనట్టే లేచి, క్యాను యాడ పెట్టినావు, పారబోసేద్దాం రా అన్నాడు.

పసుపు డ్రమ్ము మూత నేను తీశాను. క్యాను ఆయన వంచాడు. ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. నేను మూత పెట్టబోతే ఆగమని చెయ్యి చూపించాడు. క్యాను ఇంకొంచెం పైకెత్తి, అడుగు మీద రెండుసార్లు తట్టి, లోపల మిగిలిన ఆఖరి చుక్క కూడా పడేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.