చూడకుండానే వాపస్

నేరేడుచర్లలో మా రైస్ మిల్లుకు ప్రోగ్రాములు రాసే నీలాకు బద్ధకం ఎక్కువ. ఆ మాటంటే ఒప్పుకోదు, ఒకే పని రెండుసార్లు చేయడం తనకు నచ్చదంటుంది. అనంతగిరి దగ్గరి తండాలో పుట్టి, కోదాడలో డిప్లొమా చదివింది. కాటా దగ్గర కూర్చునే నేను ఆమె చెప్పిన బటన్లు నొక్కుతుంటాను.

వడ్ల ట్రాక్టర్ గేటు దగ్గరికి రాగానే దాని నంబరు నేను ఎక్కిస్తాను. నీలా పెదనాన్న గేమ్యా నాలుగు గింజలు కొరికి చూసి, మిషన్‌తో తేమ కొలిచి అంకె చెబుతాడు. "ఎండిందా?" అని కంప్యూటర్‌ను అడిగే ఫంక్షన్ ఒకటి, "తడిగా ఉందా?" అని అడిగేది ఇంకొకటి నీలా రాసిపెట్టింది. ఎండినవి లోపలికి, తడివి వాపస్ అని గేటు బోర్డు మీద పడుతుంది.

మొన్న కోతలప్పుడు ఆ రెండోదాన్ని తీసిపారేసింది.

"సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలనే నాట్ ఎఫ్ఎన్ అని ఉంటదన్నా. ఏ ప్రశ్న చేతిల పెట్టినా జవాబు తిప్పి చెప్తది. ఎండలేదు అంటే తడి అన్నట్టే గదా. ఇగ రెండోది ఎందుకు?"

పది లైన్లు పోయి ఒక్కటి మిగిలిందని మురిసిపోయి, నాకు చాయ్ కూడా తాగించింది. చాయ్ తాగి నేనూ మెచ్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ కొత్త ప్రోగ్రాం గేటు బోర్డుకు పెట్టగానే మబ్బు కమ్ముకొచ్చింది. సరిగ్గా అప్పుడే ముత్తమ్మ అనే రైతు ట్రాక్టర్ వచ్చింది. నేను నంబరు ఎక్కించానో లేదో బోర్డు మీద 'బండి నంబరు పద్నాలుగు, వాపస్' అని పడింది. గేటు మనిషి బండి తిప్పుకొమ్మన్నాడు. తిప్పితే దారిలోనే వడ్లు తడిసిపోతాయి.

ముత్తమ్మ కదల్లేదు. "తొమ్మిది దినాలు రోడ్డు మీద ఆరబోసిన. ఒక్కలన్న సెయ్యి పెట్టి సూడలే. సూడకుండ తడి అని ఎవలు చెప్పిన్రు?"

గేమ్యా గేటు దగ్గర్నుంచే కాటా గదిలో ఉన్న నీలా వైపు తిరిగాడు. "నేనింక ముట్టనే లేదు బిడ్డా. నీ కంప్యూటర్‌కు ఎట్ల తెలిసింది?"

నీలా స్క్రీన్ చూసి నాలిక కరుచుకుంది. తేమ కొలవని బండిని కూడా ఆమె ఫంక్షన్ 'ఎండలేదు' అంటుంది. అంతవరకు న్యాయమే, చూడనిదాన్ని ఎండిందని ఎలా అంటారు? కానీ ఆ జవాబును తిప్పేసరికి అది కాస్తా 'తడి' అయిపోయింది. హైదరాబాదులో ఉద్యోగాలకు ఆమె పెట్టిన దరఖాస్తులు ఎవరూ తెరవకుండానే వెనక్కొచ్చేవి. ఆ మంట తెలిసిన మనిషి కాబట్టి సిగ్గుతో ముఖం కందిపోయింది.

కంప్యూటర్ వదిలేసి గేటుకు పరిగెత్తింది. "పెద్దనాయినా, ముందు ఈమెది సూడు."

గేమ్యా కొరికాడు. గింజ టక్కుమని విరిగింది. తేమ పదహారు, పదిహేడు లోపుంటే ఎండినట్టే. ట్రాక్టర్ షెడ్డు కిందికి చేరాక మొదటి చినుకు పడింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రానికి నీలా ప్రోగ్రాం సరిచేసింది. ముందు తేమ చూసిన బండ్లను ఏరి, వాటి జవాబును మాత్రమే తిప్పాలి. మిగతావాటికి బోర్డు మీద 'ఇంకా చూడలేదు' అని కొత్త వరుస పెట్టింది.

వాన తగ్గి ముత్తమ్మ వెళ్లిపోతుంటే ఎదురెళ్లి, "తప్పు నాదే పెద్దమ్మా" అంది.

ముత్తమ్మ కొంగున ఉన్న గింజలు రెండు ఆమె అరచేతిలో పెట్టింది. "కొరుకు."

నీలా కొరికింది. "ఎండినయ్ పెద్దమ్మా."

"సూసినవా బిడ్డా, గింతసేపే పట్టింది."