వచ్చినవాళ్ళు కూర్చోండి

మా వీధి టీచరమ్మ పోయారని మొన్న బూర్గంపాడు నుంచి ఫోను వచ్చింది. ఇక ఊళ్ళో నోటీసు బోర్డులు ఊపిరి పీల్చుకుంటాయి అనుకుని నవ్వబోయి ఏడ్చేశాను.

ఏ బోర్డు కనపడినా ఆగి సణగడం ఆమె అలవాటు. దవాఖానా గోడ మీద ‘నిశ్శబ్దం పాటించవలెను’ అని ఉంటే కాంపౌండరును పట్టుకుని, “లోపల రోగులు పండుకున్నరు, మెల్లగ మాట్లాడుండ్రి అని రాయరాదు? నీ సొమ్మేం పోతది?” అనేవారు. ఆమెతో బజారుకు వెళ్ళాలంటే నాకు సిగ్గేసేది.

గోదావరి పొంగిన ఏడాది మైకులో చదవమని మండలాఫీసు వాళ్ళు ఆమెకో కాగితం ఇచ్చారు. ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను.’ ఆమెకు ఒళ్ళు మండింది. “అప్రమత్తంగ ఉండుడంటే ఏంది? కూసోవాల్నా, లేవాల్నా?” కాగితం పక్కన పెట్టి తనే రాసుకున్నారు: “గోదారి మన వీధికొస్తున్నది. ఇప్పుడే లేవుండ్రి. ముసలోళ్ళను పట్టుకొని బడికి నడువుండ్రి.” చూపు ఆనని మా అవ్వకు ముందు చదివి వినిపించి, “ఇప్పుడేం జేస్తవ్ అవ్వా?” అని అడిగారు. వరదను ఎన్నడూ లెక్కచేయని మా అవ్వ చేతికర్ర కోసం తడుముకుంది. ఆ తరువాతే టీచరమ్మ ఆ మాటలను క్యాసెట్టులో రికార్డు చేయించారు.

వీధి వీధంతా మెరక మీది బడికి చేరింది. సాయంత్రానికి ఇళ్ళు మునిగాయి. పంచాయతీ డాబా మీది మైకు మాత్రం ఆగలేదు. అది బ్యాటరీతో నడిచేది, క్యాసెట్టు అయిపోగానే మళ్ళీ మొదలయ్యేది. ఆపడానికి అక్కడికి వెళ్ళే దారి లేదు. మనిషన్నవాడు లేని నీళ్ళ మీద నుంచి, “ఇప్పుడే లేవుండ్రి” అని ఆమె గొంతు. బడిలో ఏడుస్తున్న పిల్లలు కూడా నోళ్ళు మూసుకున్నారు.

అది విన్నప్పుడల్లా మా అవ్వ లేచి గడప వైపు నడిచేది. మెట్ల కిందే నీళ్ళు. రెక్క పట్టి కూర్చోబెట్టినా మళ్ళీ లేచేది. టీచరమ్మ మొహం పాలిపోయింది. “లేవుమన్న గానీ, వచ్చినోళ్ళను కూసోమని చెప్పలే,” అంటూ గడపకు అడ్డంగా కూర్చున్నారు. తరువాతి వానాకాలాల్లో ఏ ప్రకటన చదివినా చివర “వచ్చినోళ్ళు కూసోండ్రి” అని చేర్చేవారు. ఒక్కరోజులో మా అవ్వను రెండుసార్లు దక్కించిన మనిషి ఆమె.

కానీ ఆనాడు బడిలో అవ్వ లేచింది తన కోసం కాదట. “మన టీచరమ్మ ఇంక నీళ్ళల్లనే ఉన్నదిరా. అందర్ని పిలిచింది, ఆమెనెవరు పిలుస్తరు?” అంది నాతో.

టీచరమ్మ అవ్వ చేతిని తన చెంపకు ఆనించుకున్నారు. “వచ్చిన అవ్వా. గీడనే ఉన్న.”

అవ్వ ఆ మొహమంతా తడిమింది. అంతలో నీళ్ళ మీద నుంచి అదే గొంతు, “ఇప్పుడే లేవుండ్రి” అంది. అవ్వ చెయ్యి వెనక్కు తీసుకుని ఆ గొంతు వైపు తల తిప్పింది.