జగ్గయ్యపేట నుంచి నందిగామకి, నాన్న ఫోటోతో

ఉదయం ఆరున్నరకి జగ్గయ్యపేట బస్టాండులో మా సామాను చూసి కండక్టరు దణ్ణం పెట్టినంత పని చేశాడు. దుప్పటి చుట్టిన పెద్ద ఫ్రేము, ఫ్లెక్సీ, ఆల్బమ్‌లు, రింగ్ లైటు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, వీటన్నిటి మధ్య మా అమ్మ.

"ఇల్లు ఖాళీ చేసి పోతన్నారా ఏంటమ్మా?" అన్నాడు.

అసలే నిద్ర చాలక ఒళ్ళు మండిపోతోంది నాకు. "మీ బస్సులోనే కాపురం పెడదామని వచ్చాం, ఎక్కించుకుంటారా?" అన్నాను. నవ్వేసి ఫ్రేమును తనే ఎత్తి డ్రైవరు వెనక నిలబెట్టాడు. ఆడవాళ్ళకి టికెట్టు ఉచితమే గానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, సామానుకి మాత్రం టికెట్టు కొడతారు. నాలాగా స్టాలు పెట్టుకోవడానికి వెళ్ళేవాళ్ళు పెందలాడే బయల్దేరండి. ఎనిమిది దాటితే మనిషికే చోటుండదు, ఫ్రేము సంగతి చెప్పక్కర్లేదు.

నందిగామలో ఒక కల్యాణ మండపంలో పెళ్ళిళ్ళ ప్రదర్శన. పెళ్ళి కుదిరినవాళ్ళు పట్టుచీరల నుంచి భోజనాల దాకా అన్నీ ఒక్కచోటే మాట్లాడేసుకోవచ్చు. పేటలో మా ఫోటో స్టూడియో నాన్న పెట్టింది. ఆయన పోయి ఏడాది దాటింది. పాస్‌పోర్టు ఫోటోలకీ, ఓణీల ఫంక్షన్లకీ నా దగ్గరికి వస్తున్నారు గానీ, పెళ్ళి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. "ఆడపిల్ల, ఆ తోపులాటలో ఏం తీస్తుందిలే" అని నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. గదిని సెల్‌ఫోన్ల షాపువాళ్ళు అద్దెకి అడుగుతున్నారు. ఇచ్చేద్దామంటుంది అమ్మ. ఈ ప్రదర్శనలో ఒక్క పెళ్ళి ఆర్డరు దొరికినా స్టూడియో ఉంచుదాం, లేదంటే తాళాలు ఇచ్చేద్దాం అని ఇద్దరం ఒక మాట అనుకుని బయల్దేరాం.

చిల్లకల్లు దగ్గర బస్సు హైవే ఎక్కింది. వెనక సీట్లో వత్సవాయి ఊరి పెద్దాయన ఒకాయన దుప్పటి వంక చూసి, "ఏంటమ్మా అది, బీరువా అద్దమా?" అని అడిగాడు.

"మా ఆయనండి" అంది అమ్మ.

పెద్దాయన సంచీ సర్దుకుని ఇంకో సీట్లోకి మారిపోయాడు.

కిటికీ పక్కన పత్తిచేలు వెనక్కి పోతుంటే నాన్న స్కూటరు వెనక కూర్చుని తిరిగిన వేసవి సెలవులు గుర్తొచ్చాయి. పెనుగంచిప్రోలు, చందర్లపాడు, ఎక్కడ పెళ్ళయితే అక్కడికి. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి చుట్టాలందరి తలలూ అడ్డం వచ్చేవి. "బాబాయిగారూ, మీ తల బ్రహ్మాండంగా ఉందిగానీ కాస్త పక్కన పెట్టుకోండి" అనేవాడు నాన్న. అవతలాయన నవ్వుకుంటూ జరిగేవాడు. అందరూ లేచాక ఆఖరి బంతిలో మేమిద్దరం కూర్చునేవాళ్ళం. బూరెలు అయిపోతే, వంటాయన మాకోసం దాచినవి తెచ్చి వేసేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టే ఉంటుంది.

ఏడున్నరకి నందిగామలో దిగాం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, సాంబారు అడక్కండి. అమ్మ సెంటర్లో బంతిపూల దండ కొంది. ఆటోలో మండపానికి వెళ్ళి బల్ల మీద గుడ్డ పరిచి, ఫ్లెక్సీ కట్టి, ఆల్బమ్‌లు తెరిచి పెట్టాను. మధ్యలో నాన్న ఫోటో. మెడలో కెమెరాతో, ఎవరినో ఆటపట్టించి తనే పగలబడి నవ్వుతున్నప్పుడు నేను తీసింది. ఏ పని మొదలెట్టినా ఆయనకి దండ వేయాల్సిందేనని అమ్మ పట్టుదల. అద్దం మీద బొట్టు పెట్టి, దండ వేసి, తను మాత్రం కర్టెన్ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. "శుభకార్యాలకి వచ్చేవాళ్ళకి నేనెందుకే ఎదురుపడటం?" అంది. ఎంత పోట్లాడినా బయటికి రాలేదు.

పదింటి నుంచి జనం మొదలయ్యారు. అవతల డ్రోను తిప్పుతున్న కుర్రాళ్ళ స్టాలు దగ్గర తిరునాళ్ళే. మా దగ్గరికి నవ్వుతూ వచ్చినవాళ్ళు వచ్చినట్టే పక్కకి తప్పుకుంటున్నారు. పన్నెండయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్క స్టాల్లో పూలజడలు అల్లే ఆవిడ చివరికి ఉండబట్టలేక వచ్చింది. "ఏమనుకోకమ్మా. పెళ్ళివాళ్ళు వచ్చే చోట పోయినాయనకి దండేసి ఎదురుగా పెట్టావేంటి? ఎవరు ఆగుతారు చెప్పు?"

నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టయింది. స్టూడియోలో రోజూ దండతోనే చూసి చూసి మా కళ్ళకి అది ఆనలేదు. ఫోటో తీసి బల్ల కింద పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అమ్మ కర్టెన్ వెనక నుంచి అంతా వింది. లేచి వచ్చింది. దండ తీసింది. అద్దం మీది బొట్టు కొంగుతో మెల్లగా తుడిచింది.

"పెళ్ళిళ్ళలో ఆయన మెడలో కెమెరా తప్ప ఏముండేది గనక" అంది. నాకు కళ్ళు మసకబారాయి.

దండ తీసేశాక నాన్న ఇప్పుడే వచ్చి నిలబడ్డట్టున్నాడు. అమ్మ మాత్రం మళ్ళీ కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనానికి పులిహోర పొట్లాలు ఇచ్చారు, తిన్నామో లేదో గుర్తులేదు. మూడింటికి చందర్లపాడు నుంచి ఒక అమ్మాయి వాళ్ళ పిన్నితో వచ్చింది. ఆల్బమ్ తిరగేస్తూ తలెత్తి నాన్నని చూసి, చూస్తూ చూస్తూ తనూ నవ్వేసింది.

"పిన్నీ, నాకు ఈయనే కావాలి. చూడు ఎంత సరదాగా ఉన్నారో! పెళ్ళిలో నాకు భయమేస్తే ఇట్టాంటాయన ఎదురుగా ఉండాల" అని నా వైపు తిరిగింది. "ఈయన మా పెళ్ళికి వస్తారా అండి?"

వస్తారనలేను. పోయారంటే ఆ పిల్ల మొహం ఏమవుతుందో!

కర్టెన్ కదిలింది. అమ్మ వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడింది. "ఆయన రారమ్మా. ఆయన్ని ఇంత బాగా తీసిన పిల్ల వస్తది. ఇదిగో, మా అమ్మాయి."

ముప్పయ్యేళ్ళ వయసులో మొదటిసారి విన్నాను, అమ్మ నోట నా పని గురించి మంచిమాట. ఆ అమ్మాయి ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసింది. "అయితే మీరే రండి అక్కా" అంది. వాళ్ళ పిన్ని అక్కడికక్కడే ముహూర్తం చెప్పి తాంబూలం అందించింది.

ఆరింటి బస్సు దొరికింది. ఫ్రేమును ఈసారి దుప్పటి చుట్టకుండా అమ్మ ఒళ్ళో పెట్టుకుంది. నందిగామ నాకు కొత్త ఊరు కాదు, ఎన్ని పెళ్ళిళ్ళకి వచ్చానో లెక్కలేదు. ఎన్నిసార్లు వచ్చినా నాన్న కూతురిగానే వచ్చి వెళ్ళాను. ఇవాళ ఫోటోగ్రాఫరునై వెళ్తున్నాను. ఆ సంతోషం ఆయనకి చెప్పుకోలేకపోయానన్న బాధ కూడా నాతోనే బస్సెక్కింది.

చిల్లకల్లు దాటాక అమ్మ అడిగింది. "చందర్లపాడులో పెళ్ళి పొద్దున్నేగా?"

"అవును. ఏం?"

"ఏం లేదు. ఏ చీర కట్టుకుందామా అని."