పాటగాడి గొంతులో చేపముల్లు

కోవిడ్‌కు ముందు సంవత్సరం. అప్పుడు నేను బర్మాలో, ఒకప్పటి రంగూన్ అయిన యాంగోన్‌లో, సంచౌంగ్‌లోని ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో నర్సుని. ఒక మధ్యాహ్నం తెలుగువాళ్ళుండే మా మింగళ తౌంగ్‌న్యున్ పేటవాడే, టూరిస్టు గైడు అప్పలరాజు బాబాయి, నలుగురు ఇంగ్లీషువాళ్ళను వెంటబెట్టుకుని హడావిడిగా వచ్చాడు.

"సరోజా, ఈయన గొంతులో సేపముల్లు దిగిపోనాది. ఏటి అవతల దలాలో బోయినం సేసినారు. అన్నం ముద్దలు మింగమన్నాను, అయినా కదల్లేదు."

"అయ్యో బాబాయ్, అలా మింగితే ఇంకా లోపలికెల్లిపోద్ది. ఇంకేటీ పెట్టకండి," అన్నాను.

ముల్లు గుచ్చుకున్నాయన పేరు మార్టిన్. యాభై దాటినవాడు. తోడుగా చెల్లెలు హెలెన్, ఆమె భర్త, ఒక స్నేహితుడు. వాద్యాలేవీ లేకుండా, పాత ఇంగ్లీషు పల్లెపాటల్నీ ఓడ కళాసీల పాటల్నీ నాలుగు గొంతులు కలిపి పాడే బృందం వాళ్ళది. జనం మరిచిపోతున్న పాటల్ని ముసలివాళ్ళ దగ్గర నేర్చుకుని ఊరూరా వినిపిస్తారట. మర్నాడు సాయంత్రం ఈ ఊళ్ళోనే కచేరీ. అందరికంటే కింది స్వరం మార్టిన్‌ది. ఆయన పాడకపోతే తాము ముగ్గురూ వేదిక ఎక్కలేమంది హెలెన్.

మా డాక్టరమ్మ బర్మా ఆవిడ, మేమంతా సయామా అంటాం. గొంతులోకి అద్దం పెట్టి చూశారు. ముల్లు నాలుక మొదట్లో, స్వరతంత్రులకు కాస్త పైన దిగబడి ఉంది. మొద్దుబారడానికి స్ప్రే కొట్టాం. అయినా ఫోర్సెప్స్, అంటే పొడవాటి వంపు పట్టుకారు, లోపలికి వెళ్ళగానే ఆయనకు డోకు వచ్చేస్తోంది. దీన్ని గ్యాగ్ రిఫ్లెక్స్ అంటాం. గొంతు తనను తాను కాపాడుకునే తీరు అది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఇక పెద్దాసుపత్రిలో మత్తిచ్చి తీయాల్సిందే. ఊపిరి కోసం స్వరతంత్రుల మధ్య నుంచి గొట్టం వేస్తారు," అన్నారు సయామా.

"అది నా గొంతును గీరితే?"

"అలా జరగడం అరుదు."

అరుదన్న మాట ఆయనకు ధైర్యం ఇవ్వలేదు.

అప్పుడు హెలెన్ అంది: "పాటలో ఉంటే అన్నయ్యకి తుమ్ము కూడా రాదు. పాడిస్తే?"

సయామా ఆలోచించారు. "నాలుక చాపి 'ఈ' అని సాగదీస్తే ముల్లు ఇంకా బాగా కనిపిస్తుంది. ఎలాగూ మేం అడిగేదదే. సరే, పాడండి."

ఆయన నాలుకను పలచటి గాజ్ గుడ్డతో పట్టుకున్నాను. ముగ్గురూ గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా పాట అందుకున్నారు. మార్టిన్ ఊపిరి నిదానించింది. తన వంతు రాగానే "ఈ..." అని ఎత్తుకున్నాడు. మాటల్లేవు, ఒక్క స్వరమే. అది నా వేళ్ళ కొనల్లో అదురుతోంది. ఫోర్సెప్స్ లోపలికి వెళ్ళింది. గొంతు ఎదురు తిరగలేదు. బయటకు వచ్చేసరికి దాని కొనన ముల్లు!

ముగ్గురూ చూడనేలేదు, పాడుతూనే ఉన్నారు. నేను "వచ్చేసింది!" అని అరిచాక ఆపారు. హెలెన్ అన్నను పట్టుకుని ఏడ్చేసింది. బాబాయి నాకు దండం పెట్టి, "బతికించినావు తల్లీ! ఆ సేప తినమన్నది నేనే కదా!" అన్నాడు.

స్వరతంత్రులకు గీత కూడా పడలేదు. మర్నాటి దాకా గుసగుస కూడా వద్దని పంపారు సయామా. కచేరీకి నేనూ వెళ్ళాను. ఆయన నోరు తెరిచి పాట ఎత్తుకునే దాకా కుర్చీ అంచునే కూర్చున్నాను.

అంతకుముందు రోగులకు "భయపడకండి, కదలకండి" అని చెప్పేదాన్ని. భయపడే మనిషికి ఆ మాట దేనికీ పనికిరాదు. ఇప్పుడు ముందు, "మీరేం పని చేస్తారు?" అని అడుగుతాను. దర్జీ అయితే దర్జీ పని గురించి, బడిపంతులైతే బడి గురించి మాట్లాడిస్తాను. ఆ మాటల్లో వాళ్ళ భుజాలు దిగేదాకా ఆగి, అప్పుడే డాక్టరు చేతికి పరికరం అందిస్తాను.