మెడ వంకర కూజాలో నా కుడిచెయ్యి

పెళ్లయిన మూడో వారంలోనే, కొత్త పెళ్లాం కళ్లెదుట, ఒక కూజా చేతిలో పరువు పోగొట్టుకున్న మగవాళ్లు ఈ లోకంలో ఎందరున్నారో నాకు తెలియదు. నేనైతే ఉన్నాను.

ఆ ఆదివారం యాప్రాల్ చర్చిలో ఆరాధన కాగానే సుజాతను బండెక్కించుకుని శామీర్‌పేట మ్యూజియానికి తీసుకెళ్లాను. పేరున్న ఒక చిత్రకారుడి ప్రదర్శన. ఆయన పోయి చాలాకాలమైంది. బొమ్మలు అందరికీ తెలుసు కానీ, ఆయన మట్టితో కూజాలూ కుండలూ చేసి కాల్చేవాడని తెలిసినవాళ్లు తక్కువ. నాకైతే బొమ్మలూ తెలియవు. అయినా దారి పొడవునా ఆయన గురించి సుజాతకు ఉపన్యాసం దంచాను.

అక్కడ ఒక నీలం కూజా ఉంది. మెడ సొరకాయలా వంకర తిరిగింది. ఎంత వంగి చూసినా లోపల చీకటే.

"లోపల ఏముంటదండీ?" అంది సుజాత.

తెలియదంటే సరిపోయేది. మీరైతే అలాగే అనేవారు. నేను మాత్రం 'ముట్టరాదు' అన్న బోర్డుకు వీపు తిప్పి, చెయ్యి దూర్చాను. పెళ్లికొడుకులా దర్జాగా లోపలికెళ్లిన చెయ్యి ఇక బయటికి రానంది.

"ఏమైందండీ?"

"ఏం గాలే. నువ్వు గా పక్కవి చూస్తుండు."

"ఇరికిందా?"

"వస్తది. జర ఆగు!"

రాలేదు. కాపలా మనిషి వచ్చాడు. ప్రదర్శన చూసుకునే మేడం పరుగెత్తుకొచ్చింది. చుట్టూ జనం.

"పగలగొట్టుమంటారా మేడం?" అన్నాడు కాపలా మనిషి.

"కూజానా!" మేడం గుండె పట్టుకుంది.

"కూజాను గాదు మేడం" అంటూ అతను నా చెయ్యి వైపు చూశాడు.

మేడం అతణ్ని కొబ్బరినూనెకు పరుగెత్తించింది. ఈలోగా నా వేళ్లకు ఏదో తగిలింది.

"మేడం, లోపల ఏందో చెక్కినట్టున్నది. అక్షరాలు!"

మేడం కోపం ఎటుపోయిందో! "రాతా? ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదే! చదవండి, మెల్లగా చదవండి" అంటూ నోటుపుస్తకం తీసింది. జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

కళ్లు మూసుకుని తడిమాను. "లో... ప... ల."

"లోపల! ఆత్మ గురించే!" మేడం గబగబా రాసుకుంది. "తర్వాత?"

"చె... య్యి."

"కళాకారుడి చెయ్యి! ఊఁ?"

"పె... ట్టి... నో... డు."

మేడం కలం ఆగింది. చివరి మాట నోటికంటే ముందు నా వేలికి అర్థమైంది. ఇంకోసారి చెయ్యి లాగి చూశాను, రాలేదు.

"చెప్పండి సార్! చరిత్రకు కావాలి!"

"గా..."

"గానమా? గాలా?"

"గాడిద, మేడం."

ముందు నవ్వింది సుజాత. గోడ పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. తర్వాత జనమంతా. నూనె వచ్చింది, చెయ్యి బయటికి జారింది, కూజా క్షేమం.

రెండు వారాల తర్వాత ఆ కూజా పక్కన కొత్త చీటీ పెట్టారని విని వెళ్లి చూశాం. లోపలి రాతను పూర్తిగా అచ్చువేసి, కింద 'కనుగొన్నవారు' అని నా పేరు, ఊరితో సహా రాశారు.

అక్కడే, సుజాత సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ కళాఖండంలోనూ చెయ్యి పెట్టను. ఒకవేళ పెట్టినా, అక్కడ రాసున్నది గట్టిగా చదవను.