అడ్డతిప్ప దారిలో తెల్లరాళ్లు

మా ఇంటి ముందు చక్రాలున్న ఇల్లొకటి నిలబడి ఉంటుంది. కల్లూరుకు కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని అంబులెన్సు అనుకుంటారు. పిల్లలు ఐస్‌క్రీమ్ బండి అనుకుని ఆశగా చూస్తారు. పాత వ్యాను ఒకటి కొని, షెడ్డులో వెనకభాగమంతా విప్పించి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్యాను బిగించి మా ఆయన కట్టుకున్న ఇల్లు అది. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి లారీ తోలుతూ సగం బతుకు క్యాబిన్‌లోనే పడుకున్న మనిషి, పని మానేశాక కూడా బండిలోనే పడుకుంటానంటే ఏమనాలి? కుక్కతోక వంకర అనుకుని ఊరుకున్నాను. అయితే ఈసారి నన్ను కూడా ఎక్కమన్నాడు.

"ఇన్నేండ్లు నువ్వు ఇంట్లో, నేను రోడ్డు మీద. ఒక్కతూరన్నా ఇద్దరం ఒగే చోట నిలబడదాం" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నాతో అంత తియ్యగా మాట్లాడింది లేదు. అనుమానం నాకు అక్కడే మొదలైంది.

నేను అనుమానం మనిషిని, దాచుకునేదేముంది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడదానికి అనుమానం అడగకుండానే వస్తుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు, నేను టేపు చుట్టి తీసేలోపల మొగుళ్ల సంగతులన్నీ చెప్పేస్తారు. లారీ డ్రైవర్ల భార్యలైతే మరీ. ఒకడికి నంద్యాల దారిలో ఇంకో ఇల్లుందని, ఇంకొకడికి రేవు దగ్గర ఏకంగా పిల్లలే ఉన్నారని విని విని నా చెవులు తుప్పు పట్టాయి. మా ఆయనలో మాత్రం ఎంత వెతికినా వంక దొరకలేదు. దొరకలేదు కాబట్టి లేదని నేనెప్పుడూ అనుకోలేదు. బాగా కుట్టిన కుట్టు పైకి కనపడదు గదా.

సరే, బండి కట్టాక దాన్ని ఎక్కడ నిలపాలన్నది ప్రశ్న. ఇప్పుడు ఇలాంటి బండ్ల కోసం కరెంటు ప్లగ్గు, నీళ్లు, స్నానాల గది ఇచ్చే చోట్లు అక్కడక్కడా వచ్చాయి. ఫోను పట్టుకుని ఎంచే పని నేను తీసుకున్నాను. గండికోట వైపు ఒకటి చూశాను. ఫోటోలన్నీ పొద్దు కుంకేటప్పుడు తీసినవే. లోయ ఉంది, ఎర్రటి ఆకాశం ఉంది, గిటారు పట్టుకున్న కుర్రాడున్నాడు, మరుగుదొడ్డి మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. మరుగుదొడ్డి చూపించనివాణ్ణి నేను నమ్మను. శ్రీశైలం దారిలో అడవి పక్కన ఇంకొకటి. దాన్ని మెచ్చుకున్నవాళ్లందరూ "మనసుకు హాయి" అనే రాశారు. పదిమంది మనసులకు ఒకే హాయి ఎలా కలిగిందో నాకు అర్థం కాలేదు. ఆ పదిమందీ ఆ ఓనరు బామ్మర్దులే అయ్యుంటారని తీర్మానించి పక్కన పెట్టాను.

మూడోది అడ్డతిప్ప. డ్యాము వెనకనీళ్లలో పొడుగ్గా పడుకున్న మట్టితిప్ప అది. పెద్దనీళ్ల అలలు ఒడ్డు పొలాలను కొట్టకుండా అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒడ్డు నుంచి దాని మీదికి పోవడానికి ఒకే ఒక మట్టికట్ట. రెండు వైపులా నీళ్లు. ఆ ఒక్క దారి చూసి వద్దన్నాను. మా ఆయన అదే కావాలన్నాడు.

ఇక్కడ నా అనుమానానికి కాళ్లొచ్చాయి. ఎందుకంటే, బండి ఎక్కడ నిలపాలన్న విద్య నాకు నేర్పింది ఆయనే. పోయే దారీ వచ్చే దారీ ఒకటే అయిన చోట డ్రైవరన్నవాడు బండి ఆపడని, కుక్కలు నిద్రపోయే చోట నువ్వూ నిద్రపోవచ్చని, టీకొట్టువాడు నీ ముఖం చూడకుండా నీ లోడు చూస్తుంటే టీ కూడా తాగకుండా వెళ్లిపోవాలని మా పెళ్లయిన కొత్తలో కథలుగా చెప్పేవాడు. అలాంటి మనిషి, ఒకే దారి ఉన్న తిప్ప కోసం నాతో అన్నం ముందు కూర్చుని వాదించాడు. నువ్వే కదా చెప్పావు అంటే, "అది లోడు బండికి. ఇది ఇల్లు" అన్నాడు. ఆ జవాబు ముందే కుట్టి పెట్టుకున్నట్టుంది.

ఆ తర్వాత ఒంటరిగా బండి తీసుకుని వెళ్లడం మొదలుపెట్టాడు. ఇంజను చూసుకోవాలంటాడు. పొద్దున పోయి పొద్దు వాలక ముందే వచ్చేస్తాడు. ఒకసారి ఉతకడానికి ఆయన ప్యాంటు తీస్తే మోకాళ్ల దగ్గర తెల్లటి మరకలు. ఆయన బట్టల మీద తెలుపు నాకు కొత్త కాదు. ముగ్గురాయి దుమ్ము ఏళ్ల తరబడి విదిలించాను. కానీ ముగ్గురాయి దుమ్ము దులిపితే రాలిపోతుంది, గుడ్డను ఏమీ చేయదు. ఇది దులిపితే పోలేదు. గోటితో గీరితే పొలుసుగా లేచింది, కింద గుడ్డ పెళుసుబారింది. అది సున్నం.

సున్నమంటే ఇంటికి కొట్టేది. మా ఇంటికి ఒక్క పండక్కైనా బ్రష్షు పట్టని మనిషి, ఎవరింటికి సున్నం కొడుతున్నట్టు? కొత్తగా ఇల్లు పెట్టేవాళ్లు మొదట చేసేది అదే. నేను మిషను ముందు కూర్చున్నాను గానీ, ఆ రోజు కుట్టిన జాకెట్టుకు చేతులు తారుమారయ్యాయి.

ఇంకోటి కూడా కలిసింది. నాకు దగ్గరి చూపు తగ్గినప్పటి నుంచి సూదిలో దారం ఎక్కించేది ఆయనే. ఇంట్లో ఉన్నన్నాళ్లు రోజూ సాయంత్రం, అడగకుండానే నాలుగు సూదులకు దారాలెక్కించి దిండుకు గుచ్చి పెట్టేవాడు. కొంతకాలంగా మానేశాడు. అడిగితే రేపంటాడు, లేదంటే లేచి వాకిట్లోకి పోతాడు. మనసు ఇంట్లో లేని మగవాడి లక్షణం అదేనని నా దగ్గరికొచ్చే ఆడవాళ్లందరూ చెప్పిందే.

అందుకే అడ్డతిప్పకు సరేనన్నాను. నాకు నీళ్లూ వద్దు, గాలీ వద్దు. ఆ సున్నం కొట్టిన ఇల్లేదో కళ్లారా చూడాలి. చూశాక ఏం చేస్తానో నాకే తెలియదు. బట్టల కింద నా ఆధార్ కార్డు, రెండు జతల బట్టలు వేరుగా సర్దుకున్నానంటే నా మనసు ఎక్కడిదాకా పోయిందో అర్థం చేసుకోవచ్చు.

తెల్లవారాక బయలుదేరాం. దారి పొడవునా ఆయన బోర్డులు నాతో చదివించాడు. చదువు రానిదాన్నా, మతిమరుపుదాన్నా, ఎందుకీ పరీక్ష అని విసుక్కున్నాను. కట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం విసుగు మరిచి బయటికి చూశాను. కట్టకు అటూ ఇటూ, అంచు వెంబడే, తెల్లటి రాళ్లు. కుదురుగా పేర్చి, సున్నం కొట్టి ఉన్నాయి. ఆయన స్టీరింగు మీదికి వంగి, ఆ రాళ్ల మధ్యలోంచి పెళ్లి ఊరేగింపంత నిదానంగా తోలాడు.

తిప్ప మీద నాలుగు రేకుల గదులు, రెండు వేపచెట్లు, ప్లగ్గు పెట్టెలు. ఏ ఇల్లూ లేదు. ఏ ఆడమనిషీ లేదు. ఆ చోటు చూసుకునే ఆయన ఒక సాయిబు, నా ఈడువాడే. మా ఆయన పైపు తగిలించే పనిలో ఉన్నప్పుడు సాయిబును పక్కకు పిలిచి, ఇంతకుముందు మా ఆయన ఇక్కడికి వచ్చాడా అని అడిగాను.

"వచ్చినాడు గదమ్మా. ఆ రాళ్లు పేర్చి సున్నం కొట్టింది అన్ననే. మేం వద్దన్న్యా ఇనలేదు. మా ఇంట్లోవాళ్లకు నీళ్లంటే శానా బయం, అంచు కనపడితే దైర్నంగా కూసుంటాది అన్న్యాడు."

నా గుండె ఒక్క క్షణం మెత్తబడింది. మరుక్షణమే గట్టిపడింది. నేను కడప వైపు పల్లెలో పుట్టినదాన్ని. నీళ్లకు భయపడాలంటే ముందు నీళ్లుండాలి కదా. నాకు నీళ్ల భయం లేదని మా ఆయనకు తెలుసు. మరి సాయిబుకు అబద్ధం ఎందుకు చెప్పాడు? అంచు కనపడాల్సింది నాకు కాకపోతే ఎవరికి?

అడిగితే చెప్పే మనిషి కాదు. సాయంత్రం నీళ్ల వైపు ముఖం పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు ఇష్టమైన స్టీలు గ్లాసులో టీ తెచ్చి, ఏమీ మాట్లాడకుండా ఎడమ పక్కనున్న బండమీద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. పొగలు పోతున్నాయి. ఆయన చూడలేదు. కాసేపటికి, టీ పెట్టవా అని నన్నే అడుగుతూ చెయ్యి చాచాడు. గ్లాసు బోర్లా పడింది. ఆ చప్పుడుకు ఆయన ముఖంలో కనిపించిన భయం నేను ఎన్నడూ చూడలేదు.

"కండ్లు ఎన్నాళ్ల నుంచి ఇట్ల?" అన్నాను.

వంగి, పడిన గ్లాసును తడిమి తీసి నిలబెట్టాడు. తర్వాత చెప్పాడు. "నీటికాసులంట. పక్కల చూపు పోయింది. పోయింది తిరిగి రాదంట. ఉన్నేది నిలబడాలంటే చుక్కలు ఏసుకోమన్నారు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే తాళంచెవి తీసుకుంటావు."

నిజమే, తీసుకునేదాన్ని. ఇంకో ఇల్లు లేదని నాకు పట్టరాని సంతోషం కలిగింది, అది ముందు చెప్పాలి. ఆ వెనకే ఒళ్లు చల్లబడింది. రెండు వైపులా నీళ్లు పెట్టుకుని, పక్కలు కనపడని మనిషి నన్ను తోలుకొచ్చాడు. కోపం కూడా వచ్చింది. బోర్డులు ఎందుకు చదివించాడో, సూదులు ఎందుకు మానేశాడో అన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. ఒకే దారి ఉన్న తిప్పను ఎందుకు ఎంచాడో కూడా అప్పుడు తెలిసింది. ఎదురు లారీలు రాని దారి, మలుపుల్లేని దారి, వచ్చీపోయీ బట్టీ పట్టుకోగలిగిన దారి అదొక్కటే. నాతో ఒక్కసారి రోడ్డు మీద ఉండాలని ఆయనకున్న ఆశకు అంత చిన్న దారే మిగిలింది.

ఏం కనపడుతుందని అడిగితే, ఎదురుగా ఉండేది మసకగా కనపడుతుందని, తెల్లగా ఉంటే ఇంకా బాగా కనపడుతుందని చెప్పాడు. ఆ రాత్రి తలుపులు బిగించుకుని పడుకున్నాం. గాలి బాగా వీచింది.

పొద్దున ఇంటికి బయలుదేరుతూ చూస్తే కట్ట మీద తెల్లరాళ్లు లేవు. రాళ్లున్నాయి, తెలుపు లేదు. గాలికి లేచిన అలలు సున్నమంతా కడిగేసి బురద పూశాయి. సున్నంలో బంక కలిపితేనే రాయిని పట్టుకుంటుంది, లేకపోతే తడి తగలగానే వదిలేస్తుంది. మా వైపు చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి అది. ఇంటికి ఎన్నడూ సున్నం కొట్టని మనిషికి ఎలా తెలుస్తుంది?

కళ్ల సంగతి నేను చెబితే, ఒడ్డు నుంచి వేరే డ్రైవరును పిలిపిద్దామని సాయిబు అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. తన కళ్లు పూర్తిగా పోయాకే తన బండిని ఇంకొకడు ముట్టుకోవాలన్నాడు. దవడ బిగించి ఎక్కి కూర్చున్నాడు. ఆ మొండితనం నాకు తెలుసు, దానితో వాదించి గెలిచినవాళ్లు లేరు. నేను బండిలోకి పోయి ఉతికిన ఆయన తెల్లపంచె తీశాను. తల మీది నుంచి ఒళ్లంతా కప్పుకుని బండి ముందుకొచ్చి, నేను కట్ట నడిమధ్యన నడుస్తానని, నా వెనకే రమ్మని చెప్పాను. ఎదురుగా ఉండే తెలుపు కనపడుతుందని ఆయనే అన్నాడు కదా. ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించే నాకు, ఆ గుడ్డ మీద మాత్రం ఏ ఆలోచనా రాలేదు.

నాలుగు అడుగులు వేశాను. వెనక ఇంజను కదిలింది. ఇంకాస్త దూరం నడిచాక ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆయన కిందికి దిగి, ఒక చెయ్యి బండిని తాకుతూ, నా వైపే వస్తున్నాడు. దగ్గరికి వచ్చి నా తల మీది పంచెను లాగేశాడు. తెల్లగుడ్డ కప్పుకున్న పెళ్లాం ఏ మొగుడికైనా ఏం చెబుతుందో నాకు అప్పుడు తట్టింది.

"నాకు ఇంగేం కనపడకపోయినా పర్వాలేదు. నిన్ను ఇట్ల మాత్రం చూడలేను" అన్నాడు.

పంచెను చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూశాడు. తర్వాత బండిని పట్టుకుంటూ అటువైపు నడిచి, తలుపు తీసుకుని, ఎప్పుడూ నేను కూర్చునే సీట్లో కూర్చున్నాడు. నాకు బండి నడపడం రాదని ఇద్దరికీ తెలుసు.